విమానానికి అదుపు

రాయచూరు జిల్లాలో కృష్ణానది నడుమ కురువపురం అనే లంక ఉంది. అక్కడికి పుట్టి నడిపేవాడు తెడ్డుతో దానిని కుడికో, ఎడమకో తిప్పితే చాలు. విమానానికి అంతటితో సరిపోదు. అది ముక్కు ఎత్తుతుంది, దించుతుంది; పక్కకు ఒరుగుతుంది కూడా.

జర్మనీ దేశస్థుడు ఒట్టో లిలియెంథాల్ తన శరీరాన్ని అటూ ఇటూ జరుపుతూ గ్లైడరును అదుపు చేసేవాడు. 1896 ఆగస్టు 9న అది కూలింది. మరునాడు ఆయన మరణించాడు. ఆ వార్త విన్న అమెరికా వాసులు రైట్ సోదరులు ఇంజనుకంటె ముందు అదుపును గురించే ఆలోచించారు. 1903 డిసెంబరు 17న వారి విమానం మొదటిసారి 12 సెకన్లు ఎగిరింది.

పైలట్ స్టిక్కును వెనుకకు లాగితే తోకలోని ఎలివేటరు పైకి లేచి, ముక్కు ఎత్తుతుంది. ఇది 'పిచ్'. స్టిక్కును పక్కకు వంచితే రెక్కల అంచున ఉన్న ఐలరాన్లలో ఒకటి లేచి, రెండవది దిగుతుంది, విమానం ఒరుగుతుంది. ఇది 'రోల్'. నిలువు తోకకు ఉన్న రడ్డరు పడవ చుక్కాని వంటిది. దానిని కాళ్లతో పెడళ్లు తొక్కి కదుపుతారు. ముక్కు పక్కకు తిరుగుతుంది, ఇది 'యా'. విమానం మలుపు తిరిగేది చుక్కానితోనే అని చాలామంది అనుకొంటారు. నిజానికి మలుపులో సైకిలు ఒరిగినట్లు అదీ ఒరిగే తిరుగుతుంది. రడ్డరు తోడు మాత్రమే.

దిక్కులను పైలట్లు డిగ్రీలలో చెబుతారు. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, ఉత్తరం 360. రాయచూరుకు బెంగుళూరు దాదాపు దక్షిణాన, హైదరాబాదు ఈశాన్యాన ఉన్నాయి. రన్‌వే మీద చివరి అంకె వదిలి రాస్తారు. శంషాబాదులో పడమటి కొసన దిగే పైలటుకు 09 అని కనిపిస్తుంది. అంటే అతడు తూర్పు ముఖంగా దిగుతున్నాడు. అదే రన్‌వే తూర్పు కొసన 27 ఉంటుంది.