పిండిన పాలు – చన్నుపాలు: రెండూ ఒకటేనా?

పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలనీ, మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా ఇవ్వనక్కరలేదనీ ప్రతి తల్లికీ చెబుతూనే ఉంటాము. అయితే ఉద్యోగానికి, కూలికి వెళ్ళే తల్లులు, నెలలు నిండకుండా కాన్పయిన తల్లులు తరచుగా ఒక ప్రశ్న వేస్తారు: "పాలు పిండి పట్టవచ్చా? అవి చన్నుపాలతో సమానమేనా?" దీనికి సరైన జవాబు తెలియక ఎందరో తల్లులు మూడవ నెలలోనే డబ్బాపాలకు మారిపోతున్నారు.

రొమ్ము పట్టించడంలో ఉన్న మేలు

బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు నుండి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేస్తుంది. ఆక్సిటోసిన్ ఆ పాలను బయటకు నెడుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంతగా మళ్ళీ పాలు ఊరతాయి. మొదట వచ్చే పాలు పలుచగా ఉండి దాహం తీరుస్తాయి, చివర వచ్చే పాలలో కొవ్వు ఎక్కువగా ఉండి ఆకలి తీరుస్తాయి. గిన్నె కడగడం, పాలు వెచ్చబెట్టడం అనే పని లేదు. అందుచేత బిడ్డ దగ్గరే ఉన్నప్పుడు రొమ్ము పట్టించడమే మేలు.

పిండిన పాలు ఎప్పుడు అవసరం?

• నెలలు నిండని బిడ్డ చప్పరించలేనప్పుడు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరడానికి సుమారు 34 వారాలు నిండాలి. అంతవరకు తల్లి రాత్రీ పగలూ కలిపి 8 నుండి 10 సార్లు పాలు పిండాలి. లేకపోతే బిడ్డ చప్పరించే నాటికి పాలు తగ్గిపోతాయి.
• తల్లి పనికి వెళ్ళినప్పుడు.
• రొమ్ములు గట్టిపడి బిడ్డ నోటికి అందనప్పుడు. కొద్దిగా పిండితే మెత్తబడి బిడ్డ పట్టుకోగలుగుతుంది.

ఈ సందర్భాలలో పిండిన పాలకు డబ్బాపాలు సాటిరావు. అవి కూడా తల్లిపాలే. రోగాలను ఎదిరించే శక్తి వాటిలోనూ చాలావరకు నిలిచి ఉంటుంది.

పిండే విధానం

సబ్బుతో చేతులు కడుక్కోండి. మరిగించి ఆరబెట్టిన మూత గిన్నె తీసుకోండి. చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం అంచున పైన బొటనవేలు, కింద చూపుడువేలు ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి, తరువాత వేళ్ళను దగ్గరకు నొక్కి వదలండి. చనుమొనను లాగకూడదు, చర్మంపై వేళ్ళు రుద్దకూడదు. రెండు వైపులా మార్చి మార్చి 20 నుండి 30 నిమిషాలు పిండండి. రబ్బరు బుడ్డి ఉన్న పంపు వాడవద్దు. దాని లోపల శుభ్రం చేయడం సాధ్యం కాదు.

నిల్వ, పట్టడం

25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు ఉంచవచ్చు. మన వేసవిలో అంతసేపు ఉంచకండి. ఫ్రిజ్‌లో తలుపు దగ్గర కాక లోపలి వైపున 4 రోజుల వరకు ఉంచవచ్చు. కరెంటు పోతూ ఉండే ఊళ్ళలో 24 గంటలలోపే వాడండి. మీగడ పైకి తేలితే పాలు విరిగాయని భయపడవద్దు, మెల్లగా కదిపితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచకండి. గోరువెచ్చని నీళ్ళలో గిన్నె ఉంచితే చాలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డ తాగగా మిగిలినవి మళ్ళీ దాచకూడదు.

"గిన్నెలో ఇన్నే పడ్డాయి"

ఇది చాలామంది తల్లుల బాధ. చేతికి గానీ, పంపుకి గానీ వచ్చే పాలు మీ రొమ్ములోని పాలకు కొలత కాదు. బాగా చప్పరించే బిడ్డ అంతకంటే ఎక్కువ తాగగలదు. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్లే.

పనికి వెళ్ళే తల్లికి

చేరడానికి రెండు వారాల ముందే పిండడం అలవాటు చేసుకోండి. వెళ్ళబోయే ముందు, తిరిగి రాగానే, రాత్రంతా రొమ్ము ఇవ్వండి. పనిచోట మూడు గంటలకొకసారి పిండండి. మన దేశంలో 2017లో జరిగిన చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. మీకు వర్తిస్తుందేమో విచారించి తెలుసుకోండి.

అత్తగారూ, అమ్మగారూ! కోడలు గానీ, కూతురు గానీ పాలు పిండుతున్నప్పుడు "నీకు పాలు లేవు" అనే మాట అనకండి. దిగులుతో ఆ కాసేపు పాలు సరిగా దిగవు. గిన్నె మరిగించి ఇవ్వండి, బిడ్డను ఎత్తుకోండి.

ఫరో కుమార్తె మోషేను పెంచుకున్నప్పుడు కూడా పాలిచ్చినది కన్నతల్లే అని నిర్గమకాండము రెండవ అధ్యాయంలో చదువుతాము. ఆమెకు జీతమూ దొరికింది, బిడ్డకు తల్లిపాలూ దొరికాయి. నేటి తల్లికి కూడా ఆ రెండూ దక్కేలా చూడటం కుటుంబమంతటి బాధ్యత. సందేహం ఉంటే డబ్బా కొనకముందే ఆసుపత్రికి వచ్చి నర్సమ్మను అడగండి.