మస్సెల్స్ రక్షణ రహస్యం: అచ్చు ఒకటే, ఆయుధాలు అనేకం

మస్సెల్ రెండు చిప్పల మధ్య బతికే సముద్ర జీవి. కేరళలో కల్లుమ్మక్కాయగా పిలిచే ఆకుపచ్చ మస్సెల్, ఐరోపాలో విరివిగా సాగుచేసే మధ్యధరా మస్సెల్ ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి రాళ్లను అంటిపెట్టుకుని, సముద్రపు నీటిని మొప్పలతో వడకట్టి ఆహారం తీసుకుంటాయి. ఆ నీటితో పాటే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, వైరస్‌లు కూడా లోపలికి చేరతాయి. మనకున్నట్లు యాంటీబాడీలు మస్సెల్‌కు లేవు. మరి అది ఎలా తట్టుకుంటోంది?

రక్తకణాల్లో నిల్వ

మస్సెల్ రక్తకణాలను హీమోసైట్లు అంటారు. వాటిలోని సూక్ష్మమైన సంచుల్లో పెప్టైడ్‌లు నిల్వ ఉంటాయి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. 1990లలో శాస్త్రవేత్తలు మస్సెల్స్‌లో డిఫెన్సిన్‌లు, మైటిలిన్‌లు, మైటిసిన్‌లు, మైటిమైసిన్ అనే కుటుంబాలను గుర్తించారు. వీటిలో మైటిమైసిన్ శిలీంధ్రాలపై పనిచేస్తుంది.

ఈ పెప్టైడ్‌లలో చాలావాటికి ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకు ఉండేది రుణావేశం. అందువల్ల పెప్టైడ్‌లు ఆ పొరకు అతుక్కుని దాన్ని దెబ్బతీస్తాయి.

మారేది, మారనిది

మైటిసిన్‌లో 40 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఎనిమిది సిస్టీన్‌లు. అవి జంటలుగా కలిసి నాలుగు బంధాలు ఏర్పరచి, గొలుసును గట్టిగా ముడివేస్తాయి. ఈ సిస్టీన్‌ల స్థానాలు మారితే నిర్మాణమే చెదిరిపోతుంది. అందుకే పరిణామ క్రమంలో అవి దాదాపు స్థిరంగా నిలిచాయి. మిగతా అమైనో ఆమ్లాలు మాత్రం తరచూ మారాయి. ఒక జన్యువుకు నకళ్లు ఏర్పడినప్పుడు, ఒకటి పాత పని చేస్తుంటే మరొకటి మార్పులకు లోనుకావచ్చు. పెప్టైడ్ కుటుంబాలు ఇలాగే పెరుగుతాయి.

మైటిసిన్-సి ఇందుకు మంచి ఉదాహరణ. దాని రూపాల కలయిక దాదాపు ఒక్కో మస్సెల్‌లో ఒక్కో విధంగా ఉంటుంది. 2020లో ప్రచురితమైన మధ్యధరా మస్సెల్ జన్యుపటం మరో విశేషాన్ని బయటపెట్టింది. ఈ జాతిలో సుమారు 60 వేల జన్యువులుండగా, వేల సంఖ్యలో జన్యువులు కొన్ని మస్సెల్స్‌లో ఉండి, మరికొన్నింటిలో అసలు కనిపించవు. రక్షణకు సంబంధించినవి కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఒక వ్యాధికారకం ఒక మస్సెల్‌ను జయించినా, పక్కనున్న దాని ఆయుధాలు వేరు. కాబట్టి మొత్తం గుంపు ఒకేసారి తుడిచిపెట్టుకుపోయే అవకాశం తగ్గుతుంది.

మనకేమిటి?

2008 నుంచి ఫ్రాన్స్ తీరంలో పసిఫిక్ ఆయిస్టర్ పిల్లలు ఒక హెర్పిస్ వైరస్ వల్ల భారీగా చనిపోయాయి. ప్రయోగశాలలో మైటిసిన్-సి పెప్టైడ్‌లు ఈ వైరస్‌ను, మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లను కూడా అడ్డుకున్నాయి. అయితే ప్రయోగశాల ఫలితం మందుగా మారాలంటే భద్రత, స్థిరత్వం, తయారీ ఖర్చు వంటి పరీక్షలన్నీ దాటాలి.

సాగుదారులకు మాత్రం పాఠం ఇప్పుడే ఉంది. మస్సెల్స్ బలం ఏ ఒక్క గొప్ప జన్యువులోనూ లేదు, వాటి వైవిధ్యంలో ఉంది. కొద్దిపాటి తల్లి మస్సెల్స్ నుంచే పిల్లలను ఉత్పత్తి చేస్తూ పోతే, ఆ ఆయుధాగారం మెల్లగా ఖాళీ అవుతుంది.