పులగము

కూచిపూడి యనగానే నాట్యము స్ఫురించును; కాని ఆ యూరి చుట్టునున్నవి వరిపొలములు. నాట్ల దినములలో తల్లి పొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరును. అప్పటికే పిల్లలు ఆకలితో తూగుచుందురు. అట్టి వేళ ఆదుకొనునది పులగము. రెండు పాళ్లు బియ్యము, ఒక పాలు పెసరపప్పు కడిగి, మిరియములు, జీలకర్ర, ఉప్పు చేర్చి ఒకే గిన్నెలో ఉడికించినచో అరగంటలో సిద్ధమగును. కందిపప్పునకు ఇంతకంటె ఎక్కువ సేపు పట్టును.

బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను ఆమ్లము కొరత. పప్పులో అది సమృద్ధి. ఒకదాని లోటును మరియొకటి తీర్చును. ఇది రోగుల పథ్యమని కొందరు చిన్నచూపు చూతురు. నేయి, ఆవకాయ తోడైనచో ఆ మాట మరతురు!

ఈ పెసలకై డెల్టా రైతు వేరుగా దున్నడు. వరికోతకు రెండు మూడు దినములు ముందు తడిపొలములో చల్లిన గింజలు మిగిలిన చెమ్మతోనే పెరుగును.

పులగము చల్లారినచో గట్టిపడును. ఆలస్యముగా వచ్చువారికి కొంచెము వేడినీరు కలిపి వడ్డింపవలెను.