రెండవసారి వెళ్ళినప్పుడు



క్రీస్తు జయంతి దగ్గర పడేకొద్దీ మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలోని కళాశాల విద్యార్థులు చందా పుస్తకాలు చేతబట్టి బయలుదేరతారు. వసూలైన డబ్బుతో దుప్పట్లు కొని, స్టేషను బయటా, బస్టాండులోనూ, గుడి మండపాలలోనూ, దర్గా దగ్గరా పడుకున్నవారికి కప్పి వస్తారు. మంచి పనే. అయితే ఈ వారం మనం ఆలోచించవలసింది ఆ రాత్రిని గురించి కాదు, దాని తరువాతి రోజులను గురించి.

ఒక ఏడాది ధర్మవరం స్టేషను దగ్గర మా యువకులతో నేనూ వెళ్ళాను. ఒక అవ్వకు దుప్పటి కప్పి, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. (ఆ ఫోటోను పత్రికకు పంపినవాణ్ణి కూడా నేనే.) ఫిబ్రవరిలో రైలు దిగి వస్తూ చూస్తే అదే అవ్వ గోనెపట్టా కప్పుకుని ఉంది. దుప్పటి ఏమైందని అడిగాను. ఆ వారంలోనే ఆమెకు ముగ్గురు మూడు దుప్పట్లు ఇచ్చారట. రెండింటిని ఎవరో ఎత్తుకుపోయారు, మూడవది వానకు తడిసి కుళ్ళిపోయింది. "ఇచ్చేవాళ్ళు శానామంది ఉండారు సామీ, పెట్టుకునేదానికి చోటేదీ?" అన్నది. ఆమె ఏ ఊరిదో, ఏ పని చేసి బ్రతికిందో, ఎందుకు ఇక్కడికి వచ్చిందో మాలో ఒక్కరమూ అడిగి ఉండలేదు.

తరువాత అడిగినది డిగ్రీ రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి. తన స్నేహితురాలితో కలిసి వెళ్ళి, అవ్వ పక్కన చాప వేసుకుని కూర్చున్నది. అవ్వ మగ్గాల ఇళ్ళలో కండెలు చుట్టి బ్రతికిన మనిషి. ఆధార్ కార్డు ఉన్న సంచి పోయింది. కార్డు లేనందున వృద్ధాప్య పింఛనుకు దారి లేదు. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. మూడు దుప్పట్ల వెలతో దాన్ని పోల్చి చూడండి.

ఇక్కడ చరిత్రలోకి కొంచెం వెళ్దాం. 1833లో పారిస్ నగరంలో ఫ్రెడరిక్ ఒజనాం అనే న్యాయశాస్త్ర విద్యార్థి ఉండేవాడు. చర్చావేదికలో ఒక ప్రత్యర్థి అతణ్ణి నిలదీశాడు: మీ శ్రీసభ పూర్వం గొప్ప పనులు చేసిందేమో, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి? తర్కంలో ఆరితేరిన ఆ యువకునికి జవాబు దొరకలేదు. తత్వశాస్త్రం చదువుకున్న నాకు ఆ ఇబ్బంది బాగా అర్థమవుతుంది. కొన్ని ప్రశ్నలకు జవాబు వాక్యంలో ఉండదు. ఏప్రిల్ 23న, తన ఇరవయ్యవ పుట్టినరోజునాడే, కొందరు తోటి విద్యార్థులతో ఒక కథోలిక పత్రిక కార్యాలయంలో సమావేశమయ్యాడు. పునీత విన్సెంట్ డి పాల్ సభ అక్కడ పుట్టింది. పేదల మధ్య ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న సిస్టర్ రొజలీ రెండూ వారికి దారి చూపింది. ఏయే కుటుంబాల దగ్గరకు వెళ్ళాలో చెప్పి పంపింది.

వారు పెట్టుకున్న పద్ధతి గమనించండి. ఇద్దరిద్దరుగా వెళ్ళటం, వెళ్ళిన ఇంటికే మళ్ళీ వెళ్ళటం, వారం వారం కలుసుకుని చూసినది చెప్పుకోవటం. రొట్టె ఇవ్వటం అందులో ఒక భాగం మాత్రమే. ఒజనాం నలభై ఏళ్ళకే, 1853లో మరణించాడు. 1997 ఆగస్టు 22న రెండవ జాన్ పాల్ పోపుగారు పారిస్‌లో ప్రపంచ యువజన దినోత్సవాల సందర్భంలోనే అతణ్ణి ధన్యునిగా ప్రకటించారు.

న్యాయం ప్రకారం ఒకరికి రావలసినదాన్ని దానంగా ఇచ్చి చేతులు దులుపుకోరాదని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో, విశ్వాసుల ప్రేషిత సేవను గురించిన పత్రంలో బోధించింది. దుప్పటి మన దయ. పింఛను, ఆధార్, రాత్రి తలదాచుకునే గది మన దయ కాదు. అవి ఆ మనిషికి చెందవలసినవి. 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించారు. దేశంలో 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు, వారిలో తొమ్మిది లక్షలకు పైగా పట్టణాలలోనివారే. పట్టణ జనాభా ప్రతి లక్షకు కనీసం వందమందికి శాశ్వత వసతి ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు నిర్దేశించాయి. అదే 2011 లెక్కల ప్రకారం హిందూపురం జనాభా లక్షన్నర దాటింది, ధర్మవరం లక్షా ఇరవై వేలు దాటింది. మన విద్యార్థులు మునిసిపల్ కార్యాలయానికి వెళ్ళి, మా ఊరి వసతి ఎక్కడ ఉంది, ఎన్ని పడకలున్నాయి అని మర్యాదగా అడగవచ్చు. పెనుకొండ చిన్న ఊరు, ఆ లెక్కలోకి రాదు. అక్కడివారు ఇంకా గట్టిగా అడగాలి.

సేవకు వెళ్ళే పిల్లలకు కొన్ని మాటలు. నిద్రపోతున్నవారిని లేపవద్దు, అడగకుండా ఫోటో తీయవద్దు. ఆడపిల్లలు చీకటి పడ్డాక పెద్దల తోడు లేకుండా వెళ్ళకూడదు. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా బిడ్డ కనిపిస్తే మీరే తీసుకుపోవద్దు, 1098కి ఫోను చేయండి. దిక్కులేని వృద్ధుల విషయంలో 14567 ఉంది. మతి చలించి తిరిగేవారిని మనవాళ్ళు పిచ్చివాళ్ళని తరిమేస్తుంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వారిని రక్షణలోకి తీసుకోవటం పోలీసు స్టేషను అధికారి బాధ్యత. ఇల్లు లేనివారికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ వైద్యం ఉచితం. చిరునామా లేనివారికి ఆధార్ కోసం గుర్తింపు పొందిన ఆశ్రయ గృహాల పెద్దలిచ్చే ధ్రువపత్రం కూడా చెల్లుతుంది. మఠకన్యలు అలాంటి గృహాలు నడిపేచోట ముందుగా వారిని అడగండి.

ఆ అవ్వ సంగతి చెప్పాలి. వేళ్ళు అరిగిపోయి వేలిముద్రలు పడలేదు, కంటిపాపతో పని జరిగింది. నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. మధ్యలో పరీక్షలు వచ్చి అమ్మాయిలు మూడు వారాలు వెళ్ళలేదు. నేను కనిపించగానే అవ్వ, "పాప ఏదీ? ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. పరీక్షలని చెప్పాను. "చదువుకోనీ, తొందరేమీ లేదు" అన్నది. ఆధార్ వచ్చింది. పింఛను దరఖాస్తు పెట్టి ఉన్నాం, ఇంకా మంజూరు కాలేదు. వచ్చే శనివారం ఆ ఇద్దరమ్మాయిలు మళ్ళీ వెళ్తున్నారు.