‘ఇంకా ఉంది’ దగ్గర ఆగండి

పొన్నేరి నుంచి చెన్నై సెంట్రల్‌కి లోకల్ రైల్లో సుమారు 35 కిలోమీటర్లు. ఆ దారంతా మన తెలుగు కాలేజీ పిల్లల ఫోన్లలో డ్రాగన్లు ఎగురుతుంటాయి, సింహాసనాలు కూలుతుంటాయి, శత్రురాజు కూతురి మీద ప్రేమ పుడుతుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది గిట్టదు. “కథలు సదవతా కూసుంటే ఉద్దోగం ఎవురిస్తారు?” అంటారు. ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ ఉద్యోగం వచ్చాక ఎవర్ని నమ్మాలి, ఎక్కడ నోరు కట్టుకోవాలి, ఏ కొట్లాటలో తలదూర్చకూడదు అన్నవి ఏ సిలబస్‌లోనూ లేవు. యుద్ధం, రాజకీయం, ప్రేమ కలగలిసిన కథల్లో ఉన్నాయి. కాబట్టి చదవండి. చదివే పద్ధతి మాత్రం మార్చండి.

పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట పుస్తకం మూసేయండి. మీరైతే ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఒక్క వాక్యం రాసుకోండి. ఆ తర్వాతే పేజీ తిప్పండి. చేయాల్సిందల్లా ఇంతే.

ఊరి పక్క కథతోనే మొదలుపెట్టి చూడండి. పొన్నేరిలో బస్సెక్కి తూర్పుకి పోతే పళవేర్కాడు, మనం పులికాట్ అనే ఊరు. డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టింది అక్కడే. అప్పట్లో ఆ ఊరు విజయనగర రాజు రెండో వేంకటపతిరాయల రాణి ఓబమ్మ ఏలుబడిలో ఉండేది. 1614లో రాయలు కన్నుమూశాడు. కొడుకుల్లేరు. పోయేముందు అన్నకొడుకు శ్రీరంగరాయల్ని వారసుడన్నాడు. ఓబమ్మ పుట్టింటి వైపువాడైన గొబ్బూరి జగ్గరాయుడికి అది రుచించలేదు. రాణి కొడుకంటూ ఒక పిల్లవాణ్ణి ముందుకు తెచ్చి, సర్దారుల్ని కూడగట్టుకుని, కొత్త రాజుని కుటుంబంతో సహా వేలూరు కోటలో బంధించాడు.

ఇక్కడ ఆగండి. మీరు విజయనగర సర్దారు వెలుగోటి యాచమ నాయకుడు అనుకోండి. మీ రాజు చెరలో ఉన్నాడు. తోటి సర్దారుల్లో చాలామంది గెలిచేవాడి పక్కకి జరిగిపోయారు. మీరూ జరిగితే మీ సీమ మీకుంటుంది, ఎవరూ ఒక్క మాట అనరు. ఏం చేస్తారు?

యాచముడు జరగలేదు. అలాగని ఆవేశంగా వెళ్లి కోట మీద పడనూ లేదు. ఓ చాకలి సాయంతో, శ్రీరంగరాయల కొడుకుల్లో ఒకడైన రామదేవుణ్ణి బట్టల మూటలో పెట్టి కోట దాటించాడు. కొన్నాళ్లకి జగ్గరాయుడు లోపలున్న రాజకుటుంబాన్ని చంపించాడు. బయటపడ్డ ఆ కుర్రవాడి పేరు మీదే యుద్ధం సాగింది. 1617 ప్రాంతంలో కావేరి దగ్గర తోపూరు పోరులో జగ్గరాయుడు హతమయ్యాడు, రామదేవరాయలు రాజయ్యాడు. ఏ ఫాంటసీ రచయితా సృష్టించిన కథ కాదిది. ఆ రోజుల్లోనే బర్రాదాస్ అనే పోర్చుగీసు పాద్రీ ఈ గొడవ గురించి ఉత్తరంలో రాశాడు. చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ విజయనగరం మీద రాసిన పుస్తకంలో దాన్ని చేర్చాడు.

ఇప్పుడు మీరు రాసుకున్న వాక్యం చూసుకోండి. మనలో చాలామంది “సైన్యంతో కోట ముట్టడిస్తా” అనే రాస్తాం. సినిమాలు అలా అలవాటు చేశాయి. యాచముడు మాత్రం అందర్నీ కాపాడలేని చోట ఎవర్ని కాపాడగలనో లెక్క వేసుకున్నాడు. ఇంకో సంగతి: పథకమంతా నిలబడింది చాకలి గుండెధైర్యం మీద. కోటలోకి వచ్చిపోయేవాడు, కాపలావాళ్లు అనుమానించనివాడు. మీ ఆఫీసులో, మీ కాలేజీలో అలాంటి మనిషి ఎవరు? అతనితో మీరు మాట్లాడి ఎన్నాళ్లయింది?

గెలుపు ఖరీదు కూడా చూడండి. ఆ అంతఃకలహం తర్వాత విజయనగరం మళ్లీ పాత బలానికి రాలేదు. ఈ మాట చెప్పకుండా వీరగాథ మాత్రమే చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఆగి చదవడం మనకి కొత్తేమీ కాదు. 1947 జులైలో మద్రాసులో చక్రపాణి, నాగిరెడ్డి ‘చందమామ’ మొదలుపెట్టారు. అదే పత్రిక తమిళంలో ‘అంబులిమామ’గా వచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’ లాంటి సీరియల్స్‌లో రాజ్యాలు, కుట్రలు, మాంత్రికులు, సాహసాలు అన్నీ ఉండేవి. సరిగ్గా కత్తి దూసిన చోట కథ ఆగేది. ఇక నెల్లాళ్లు ఎదురుచూపే. ఆ నెలంతా పిల్లలు తమలో తాము వాదించుకునేవాళ్లు. బేతాళ కథలైతే ప్రశ్న అడిగి మరీ ఆపేవి. ఇప్పుడు ఆరు వందల పేజీలు రెండు రాత్రుల్లో నమిలేస్తున్నాం. కథ గుర్తుంటుంది, మన ఆలోచన ఒక్కటీ పుట్టదు.

ప్రేమ దగ్గరికి వద్దాం, అందరూ మొదట తిప్పే పేజీలు అవే కదా. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ సినిమాలో తోటరాముడు రాజకుమారి ఇందుమతిని కోరాడు, రాజు తనంత సంపద తెమ్మన్నాడు. రాముడి సాహసం అందరికీ తెలుసు. మీరు మాత్రం శూరసేనుణ్ణి గమనించండి. రాణి తమ్ముడు, కోటలో అందరికీ నవ్వులాట. అతనికీ ఇందుమతి మీద ఆశే. చచ్చిపోదామనుకున్న దశలో ఒక మాంత్రికుడు కలిసి ఆశ పెట్టాడు, శూరసేనుడు వెళ్లి రాముడికి సంపద ఇచ్చిన పాతాళభైరవి బొమ్మ దొంగిలించి తెచ్చి ఇచ్చాడు. రాముడి సంపద పోయింది, ప్రియురాలు పోయింది. ప్రేమకథ చదివేటప్పుడు జంటనే చూడకండి. ఓడిపోయిన మూడో మనిషితో గెలిచినవాళ్లు ఎలా మెలిగారో చూడండి. ప్రేమ వ్యవహారాల్లోనే కాదు, ప్రమోషన్ వచ్చిన రోజున కూడా పనికొస్తుంది.

బళ్లో తమిళం చదివిన పిల్లలకి కల్కి నవల ‘పొన్నియిన్ సెల్వన్’ ఉండనే ఉంది. 1950 నుంచి 1954 దాకా వారం వారం వచ్చింది. అందులో వందియదేవన్ యువరాజు కాదు, సందేశాలు మోసే కుర్రవాడు. తొందరపాటు ఎక్కువ, నోటి దురుసూ ఎక్కువ. చుట్టూ సింహాసనం కోసం కుట్ర. అతను నోరు జారిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోండి. సగం పుస్తకమయ్యేసరికి మీ వాట్సాప్ మెసేజ్‌ల మీద మీకే అనుమానం వస్తుంది.

తెలుగు మాట్లాడతాం గానీ చదవలేం అనే పిల్లలు మన వైపు చాలామంది. సిగ్గుపడాల్సింది లేదు. తమిళంలోనో ఇంగ్లీషులోనో చదవండి, చదివింది రాత్రికి అవ్వకి తెలుగులో చెప్పండి. “వాడట్లా ఎందుకు చేసినాడ్రా?” అని ఆమె తప్పకుండా అడుగుతుంది. జవాబు చెప్పలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ చదవాల్సిందే. పది నిమిషాల్లో కథని తడబడకుండా చెప్పడం వస్తే ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో సగం చదివిన నవల ఉండే ఉంటుంది. అందులో రాజో రాణో ఎవర్నో నమ్మబోతుంటారు. రేపు రైలెక్కగానే ఆ చోటు వెతకండి, నమ్మాలో వద్దో మీ మాట రాసుకోండి, ఆ తర్వాత ముందుకి చదవండి.