ఊహిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మూడేళ్లుగా గ్రూప్-2కు చదువుతున్నాను. ఈసారి వానల్లేక వేరుశెనగ కూడా పోయింది. 'ఉద్యోగం వచ్చేసినట్టే ఊహించుకో, పరిస్థితుల్ని పట్టించుకోకు' అని వీడియోల్లో చెబుతున్నారు. నిజంగా పనిచేస్తుందా?
- ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: సగం నిజం. ఆ సగం విలువైనదే. చేను ఎండిందని పుస్తకం మూసేయకపోవడం, మార్కులు తగ్గాయని నేను పనికిరానని తేల్చుకోకపోవడం: ఇంతవరకు వీడియోల మాట వినండి.

ఊహ దగ్గరే చిక్కు. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేల్ ఓటింగెన్ జర్మనీలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న పట్టభద్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. 'నాకు వస్తుంది' అన్న నమ్మకం ఉన్నవారు ముందుకెళ్లారు. వచ్చేసినట్టు తీయగా కలలు కన్నవారికి మాత్రం అవకాశాలు, జీతాలు తక్కువే దక్కాయి. కలలోనే గెలిచిన మనసు కష్టపడటానికి బద్ధకిస్తుందని ఆమె వివరణ.

మీ సీమలోనే చూడండి. 1820లో కడపకు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి.బ్రౌన్, తాటాకుల్లో మగ్గుతున్న తెలుగు గ్రంథాలు బతుకుతాయని నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు. బంగ్లా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులు పోల్చి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. అప్పులు కూడా చేశాడనుకోండి, అది మాత్రం అనుసరించకండి!

అందుకే మీరు రోజూ కోరికతో పాటు దానికి అడ్డొచ్చేదీ, అప్పుడేం చేస్తారో కూడా రాసుకోండి. 'పగలు పొలం పనికి పిలుపొస్తే, రాత్రి భోజనం కాగానే గంట చదువుతాను' అన్నంత స్పష్టంగా ఉండాలి. మరో ప్రయత్నానికి ఇంటి ఖర్చులు తట్టుకోగలవా అన్నది ఇంట్లోవాళ్లతో ఇప్పుడే మాట్లాడండి.