వల లాగిన ఓడే మైన్లు ఏరింది

మేముండేది మెల్‌బోర్న్‌కి ఆగ్నేయంగా ఉన్న క్రాన్‌బర్న్‌లో. ఇండియా నుంచి చుట్టాలొస్తే సొరెంటో దాకా కారులో తీసుకెళ్ళి, అక్కడ ఫెర్రీ ఎక్కించి, పోర్ట్ ఫిలిప్ అఖాతం మీదుగా క్వీన్స్‌క్లిఫ్ చూపిస్తాం. ఆ నీళ్ళ అడుగున ఒక చేపల ఓడ శకలాలు ఉన్నాయని నాకు చాలాకాలం తెలియదు. దాని పేరు గూరంగై.

223 టన్నుల ఈ ఆవిరి ట్రాలరుని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తన చేపల వ్యాపారం కోసం 1919లో న్యూకాసిల్‌లో కట్టించింది. తర్వాత అది సిడ్నీలోని ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే నౌకాదళం దాన్ని మైన్లు ఏరే పనికి తీసుకుంది.

చేపలు పట్టే ఓడకి ఆ పని ఎలా అబ్బింది? ట్రాలరు పనిచేసే తీరు చూస్తే అర్థమవుతుంది. సంచిలాంటి వలని సముద్రపు అడుగున ఈడుస్తూ పోతే దాని నోరు మూసుకుపోతుంది. అందుకని వలకి చెరోవైపు తలుపులాంటి బరువైన పలక కడతారు. పలకని కొంచెం ఏటవాలుగా కట్టడం వల్ల నీటి ఒత్తిడి దాన్ని పక్కకి తోస్తుంది, గాలి గాలిపటాన్ని పైకెత్తినట్టు. రెండు పలకలూ చెరోవైపు లాగితే వల నోరు తెరుచుకుంటుంది. బొగ్గుతో మండే బాయిలరు ఇచ్చే ఆవిరే ఇంజన్‌నీ, ఇనప తాళ్ళు చుట్టే విన్చినీ నడిపిస్తుంది.

ఇప్పుడు మైను సంగతి. అది నీటిలో తేలే ఇనప గుండు. పైకి రాకుండా ఒక తీగతో అడుగునున్న బరువుకి కట్టి ఉంటుంది. ట్రాలరు వల తీసేసి రంపపు పళ్ళలాంటి తీగని ఈడుస్తుంది. ఒక పలక ఆ తీగని పక్కకి లాగుతుంది, ఇంకొకటి లోతులో ఉంచుతుంది. మైను కట్టు తెగితే గుండు పైకి తేలుతుంది. దాన్ని తుపాకీతో కాల్చి పేల్చడమో ముంచడమో చేస్తారు. ఈ పద్ధతి పేరు ఒరొపెసా. దాన్ని పరీక్షించిన బ్రిటిష్ ట్రాలరు పేరే అది.

1940 నవంబరు 7, 8 తేదీల్లో జర్మన్లు బాస్ జలసంధి పరిసరాల్లో పరిచిన మైన్లకి కేంబ్రిడ్జ్, సిటీ ఆఫ్ రేవిల్ అనే రెండు ఓడలు మునిగిపోయాయి. గూరంగై ఆ మైన్లు ఏరడానికి వెళ్ళింది. నవంబరు 20 రాత్రి క్వీన్స్‌క్లిఫ్ నుంచి పోర్ట్‌సీ వైపు అఖాతం దాటుతోంది. యుద్ధకాలపు నియమాల వల్ల ఓడల మీద దీపాలు అంతంతమాత్రం. సిడ్నీకి బయల్దేరిన 10 వేల టన్నుల పైబడిన డంట్రూన్ అనే ప్రయాణీకుల ఓడ దాన్ని ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. నిమిషంలో మునిగిపోయింది. ఉన్న 24 మందిలో ఒక్కరూ బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళం పోగొట్టుకున్న మొదటి ఉపరితల నౌక ఇదే.

ఓడల దారికి అడ్డంగా ఉందని 1941 జనవరిలో ఆ శకలాలని పేల్చేశారు. క్వీన్స్‌క్లిఫ్‌లో ఇప్పుడొక స్మారకం ఉంది. మైన్ల మధ్య తిరిగి వచ్చిన వాళ్ళు సొంత రేవు గుమ్మంలో, సొంత దేశపు ఓడ తగిలి పోయారు. ఈసారి చుట్టాలొస్తే ముందు ఆ స్మారకం దగ్గరికే తీసుకెళ్తాను.